ఖాళీగా ఉంచిన పేరు

తాత పోయాడని మాకు పాలామె చెప్పింది. పోయిన సోమవారం పొద్దున మేము నల్లా దగ్గర నీళ్లు పడుతున్నాం. ఆయన ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి, ఆమె రోజూలాగే గిన్నె కోసం లోపలికి వెళ్లింది. తాత మగ్గం పక్కన చాప మీద పడుకునే ఉన్నాడట. "పిలిస్తె పలుకుతలేడే," అంది. అమ్మ బిందె కింద పెట్టేసి పరుగెత్తింది. నల్లా కట్టేయాలని నాకు కూడా తోచలేదు.

సంతాప సభలో మాట్లాడమన్నారు. నలుగురిలో నాకు నోరు లేవదు. అందుకే ఆయన పుస్తకాలు చదివే మీ అందరికీ ఫోన్లో రాస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోవద్దు.

గద్వాలలో మా పక్కిల్లే ఆయనది. నాకు సొంత తాత కాదు. చీరలు నేసేవాడు. వయసులో ఉన్నప్పుడు కూలీల తరఫున మాట్లాడినందుకు జైల్లో పెట్టారు. బయటికి వచ్చాక పుస్తకాలు వేయడం మొదలుపెట్టాడు. ఓడల్లో గొలుసులేసి తీసుకుపోయిన మనుషులు ఎట్లా తిరగబడ్డారో ఒకటి. జైలు నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు ఒకటి. మన దిక్కు జీతగాళ్లు దొర ఇల్లు విడిచి ఎట్లా బయటపడ్డారో ఒకటి. వనపర్తిలో అచ్చు వేయించి, కాగితాలు బస్సులో తెచ్చుకుని, మగ్గంలో మిగిలిన నూలుకు మైనం రాసి తనే కుట్టేవాడు. మీ దగ్గరున్న పుస్తకం నడుమ విప్పి చూడండి, ఎర్ర పోగు కనబడుతుంది. అది ఏదో చీరకు పోగా మిగిలింది.

మల్దకల్ జాతరలో గాజుల అంగళ్ల మధ్య దుప్పటి పరిచి అమ్మేవాడు. ఒకసారి ఒక ముసలామె కొబ్బరిచిప్ప పట్టుకుని ఆగింది.

"గిది దేవుని కథనా?"

"కాదక్కా, గొలుసులు తెంపుకున్నోళ్ల కథ. దేవుడు గూడ చదవాలె. తీస్కపొయ్యి ఆయన ముంగట పెట్టు."

ఆమె నవ్వి నిజంగానే తీసుకుపోయింది.

ఆయన అలవాటు ఒకటి చూసి వీధంతా నవ్వేది. తలుపుకు గడియ పెట్టడు. కుక్క వచ్చి రొట్టె ఎత్తుకుపోయినా పెట్టడు. "తాతా, జర దగ్గరికన్న వెయ్యరాదు?" అంటే, "శానా దినాలు వేరేటోళ్లు ఏసిండ్రు రా. ఇగ చాలు," అనేవాడు.

నేను నాలుగో తరగతితో ఆగిపోయాను. అయినా అచ్చుకు పోయే ముందు ప్రతి పుస్తకం నాతోనే చదివించేవాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయేవి. నేను ఆగిన చోటల్లా ఆయన గీత గీసేవాడు. ఒకసారి 'నిర్బంధం' దగ్గర ఆగాను.

"మీ అమ్మ దీన్ని ఏమంటది?"

"లోపలేసి తాళమేసుడు."

"గంతే. గదే రాస్త."

"నాకు చదువు రాక ఆగిన తాతా."

"నువ్వు ఆగిన కాడ తప్పు నీది కాదు రా, పుస్తకానిది."

బడిలో ఎవరూ నాతో ఆ మాట అనలేదు.

ఆయన చివరి పుస్తకంలో మా అమ్మ కథ ఉంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మేస్త్రీ మమ్మల్ని దూరపు ఇటుక బట్టీకి తీసుకుపోయాడు. పని కాగానే రేకుల గదిలో వేసి తాళం పెట్టేవాడు. అమ్మ ఒకరోజు రేకు లేపి, ముందు నన్ను తోసి, తర్వాత తను దూరి బయటపడింది. ఆ మేస్త్రీ అమ్మకు వరసకు అన్న. ఇప్పటికీ మాకు రెండు వీధుల అవతలే ఉంటాడు.

ఎవరి కథ వాళ్లు విని సరే అనందే తాత అచ్చుకు పంపడు. అమ్మకు కూడా చదివి వినిపించాడు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"కథ ఉండనీ పెద్దనాయినా. నా పేరొద్దు. వాడు ఇంటి మీదికొస్తడు."

"సరే బిడ్డా. వేరే పేరు గూడ పెట్ట. జాగ ఇడిసిపెడ్త. మనసైననాడు చెప్పు."

మిగతా పేజీలన్నీ అచ్చయ్యాయి. అమ్మ కథ మొదటి పేజీ ఒక్కటే ఏడాదిగా ఆగింది. అమ్మ రోజూ జొన్నరొట్టె ఇచ్చి వచ్చేది. ఆయన ఒక్కసారి కూడా పేరు సంగతి ఎత్తలేదు. ఎందుకని నేనే అడిగాను.

"ఎంట పడి అడిగితె నాకు, మేస్త్రీకి ఫరకేముంది రా?"

మట్టి చేసి వచ్చాక, హైదరాబాద్ నుంచి వచ్చిన ఆయన కొడుకు ఇంటికి కొత్త తాళం వేశాడు. ఆ తలుపుకు తాళం చూడడం అదే మొదలు. అమ్మ చాలాసేపు దాన్నే చూసింది. ఎదురింటి అరుగు మీద మేస్త్రీ కూడా కూర్చుని ఉన్నాడు. అయినా అమ్మ నేరుగా కొడుకు ముందుకు వెళ్లి నిలబడింది.

"తాళం తియ్యి తమ్మీ. లోపల నా పేజీ ఉంది. పేరు రాయాలె."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "ఏందే చెల్లే, ఏం పేరు? దేంట్ల రాస్తవు?"

"బట్టీ కథల. నా పేరు రాస్త. నీది గూడ రాయాల్నా అన్నా?"

అతను తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచిపోయాడు.

కొడుకు తాళం తీశాడు. లోపల మగ్గం మీద ఆ కాగితం అట్లాగే ఉంది. పక్కన సూది, దానికి ఎక్కించిన ఎర్ర పోగు. అమ్మ చెప్పింది, నేను రాశాను. అక్షరాలు వంకర పోయాయి.

"సదువు," అంది.

మొదటి వాక్యం అమ్మ పేరుతో కలిపి చదివాను. ఎక్కడా ఆగలేదు.

ఆ పేజీ నిన్న బస్సులో వనపర్తి పోయింది.

ఆ రోజు మేము బయటికి వస్తుంటే కొడుకు తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడే రొట్టెలెత్తుకుపోయే ఆ కుక్క గడప దాటి లోపలికి వచ్చింది. తాత చాప పరుచుకునే చోట వాసన చూసి, అక్కడే ముడుచుకుని పడుకుంది. అతను కాసేపు దాన్ని చూశాడు. తాళం జేబులో వేసుకుని, తలుపు అట్లాగే వదిలేశాడు.