సన్నికల్లులో నీళ్ళు

అమ్మ కళ్ళకి నీటికాసులని డాక్టరు తేల్చిన రోజున ఆస్పత్రి మెట్ల మీదే మా అక్క సత్యశ్రీ నా చొక్కా పట్టుకుంది. "ఒరే ప్రసాదూ, పోయిన చూపు మళ్ళీ రాదట. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో కూడా చెప్పలేనన్నాడు. అది పోయేలోగా అమ్మకి ఒక్కసారి చూపించాలిరా," అంది.

"ఏటి చూపిస్తావు? సింహాచలం కొండా?"

"కాదు. నా నీళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. ఒక చేతిలో మందుల చీటీ, ఇంకో చేతిలో అమ్మ చెయ్యి పట్టుకుని నేను ఆటో కోసం చూస్తుంటే ఈవిడకి నీళ్ళ గోల. తిడదామని మొహంలోకి చూశాను. అక్క ఏడుపు ఆపుకుంటోంది. ఆ నీళ్ళేమిటో తెలియకపోతే మా అక్క ఎవరో మీకు తెలియదు, కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

మా ఇల్లు వన్ టౌన్‌లో. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సినంత సందు. నాన్న పోర్టులో, ఇనుప ఖనిజం ఓడలకెక్కించే చోట పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలతో సహా ఎర్రగా ఉండేవాడు. పెరట్లో రెండు బిందెలు దిమ్మరించి గాని అమ్మ ఆయన్ని లోపలికి రానిచ్చేది కాదు. ఆయన జేబులో నాకు జీళ్ళుండేవి, అక్కకి రాళ్ళుండేవి. అక్క వాటిని కిటికీ గట్టు నిండా పేర్చుకునేది. దుమ్ము తుడిచినప్పుడల్లా అమ్మ విసుక్కునేది గాని, ఒక్క రాయి పారేసినట్టు నాకు గుర్తు లేదు.

రాళ్ళ పిచ్చి ముదిరి అక్క యూనివర్సిటీలో జియాలజీలో చేరింది. ఒక సాయంత్రం చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి దూసుకొచ్చింది. అమ్మ సన్నికల్లు ముందు కూర్చుని కొబ్బరి పచ్చడి నూరుతోంది. పచ్చడి ఎప్పుడవుతుందా అని నేను గడప మీద కూర్చున్నాను.

"అమ్మా, రాయిలో నీళ్ళున్నాయే. ఇవాళ మైక్రోస్కోపులో చూశాను. రాయి పుట్టినప్పుడు లోపల చిక్కుకుపోయిన నీళ్ళు, మనిషన్నవాడు పుట్టకముందటివి. అందులో చిన్న బుడగ ఉంది. ఎవరూ కదపకుండానే తిరుగుతోంది. పూర్ణా మార్కెట్‌లో తప్పిపోయిన పిల్లలాగ గోడగోడకీ వెళ్ళి వస్తోంది," అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

చిన్నప్పుడు పూర్ణా మార్కెట్‌లో తప్పిపోయింది అక్కే. బెల్లం దిమ్మల మధ్య చీమలతో పాటు దొరికింది.

అమ్మ తలెత్తలేదు. "కొంగు తొక్కేత్తన్నావు, జరుగు," అంది.

అక్క మొహం చిన్నబోయింది. చెప్పులు విప్పి బయట పెట్టి వచ్చి, అమ్మ దగ్గర మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను ఆ పచ్చడి లొట్టలేసుకుంటూ తిన్నాను.

ఆ తరవాత అక్క యూనివర్సిటీలోనే లెక్చరరయింది. రాళ్ళలో చిక్కుకున్న పాత నీళ్ళ మీదే పరిశోధన. ఆకాశంలోంచి పెద్ద రాయి వచ్చి పడితే నేల మీద గుంట పడుతుందట. మహారాష్ట్రలో లోణార్ అనే ఊళ్ళో అలాంటిదొకటి ఉందని, సంచిలో సుత్తి పెట్టుకుని బయల్దేరింది. అప్పుడు ఇంట్లో పెద్ద గొడవ. "మొగోళ్ళతో కొండలెంట తిరిగి రాళ్ళు కొట్టడానికేనా నిన్ను సదివించింది?" అని అమ్మ నిలదీసింది. అక్క అన్నం తినకుండా రైలెక్కింది. అదిగో, అప్పట్నుంచీ అమ్మ అక్క ఉద్యోగం గురించి ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. తిన్నావా, ఎండలో తిరిగేవా, తలకి నూనె రాసుకున్నావా, ఇంతవరకే.

తిరిగొచ్చాక అక్క కబుర్లన్నీ నాన్నకే చెప్పేది, రాత్రి భోజనాల దగ్గర. ఆకాశం రాయి పడ్డచోట నేల కరిగిపోయిందని, వాన నీళ్ళు ఆ పగుళ్ళలోకి దిగి ఏళ్ళ తరబడి మరిగి ఉంటాయని, మరిగే నీళ్ళలో ఊరిన ఖనిజం పగుళ్ళలో గట్టిపడుతూ కాసిని నీళ్ళని లోపలే ఉంచేసుకుంటుందని. "అలాంటి చుక్క ఒకటి దొరికితే చాలు నాన్నా. రాయిని మెల్లగా వేడిచేస్తే లోపలి బుడగ చిన్నదై చిన్నదై మాయమవుతుంది. ఆ నీళ్ళు అప్పట్లో ఎంత వేడిగా ఉండేవో దాన్నిబట్టి చెప్పొచ్చు. చల్లారిస్తే బుడగ మళ్ళీ వచ్చేస్తుంది. వేడి మరీ ఎక్కువైతే మాత్రం పగిలిపోతుంది, ఇక ఆ నీళ్ళు మనకి లేనట్టే."

నాన్న ముద్ద చేతిలో పెట్టుకుని నోరు తెరుచుకుని వినేవాడు. నేను వినేవాణ్ణి కాదు. అమ్మ చారు గిన్నె పట్టుకుని వంటింట్లోకీ బయటికీ తిరుగుతుండేది.

నాన్న పోయాక భోజనాల దగ్గర ఆ కబుర్లూ పోయాయి. అక్క, బావ ఎంవీపీ కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. నేను పూర్ణా మార్కెట్‌లో మిరపకాయల దుకాణం పెట్టాను. అమ్మ మా దగ్గరే ఉంది. అక్క ఆదివారం వచ్చి, అమ్మ తలకి నూనె రాసి, చేపల పులుసు తిని వెళ్ళేది. ఇన్నేళ్ళ తన చదువులో, ఉద్యోగంలో అమ్మ పట్టించుకున్న ముక్క ఒక్కటీ లేదని అక్క బాధ. నాకు చాలాసార్లు చెప్పింది. అందుకే ఆస్పత్రి మెట్ల మీద ఆ మాటంది.

ఆ సాయంత్రమే అమ్మని అడిగింది, ఒకసారి మా ల్యాబుకి వస్తావా అని.

"వత్తాను గాని, ఎవులిదో రాయి సూపిత్తే నాకేటి తెలుత్తాది?" అంది అమ్మ. "మన సన్నికల్లులో ఉన్నాయా నీళ్ళు?"

అక్క లేచి వంటింట్లోకి వెళ్ళి, సన్నికల్లు ముందు చతికిలబడి, తడి గుడ్డతో అంచు తుడిచింది. నల్లటి రాయిలో ఒక మూల తెల్లటి చార ఉంది. "ఈ చారలో ఉండొచ్చమ్మా. కానీ చూడాలంటే ముక్క కొయ్యాలి," అంది.

"అయితే కోసుకో."

అప్పుడు లేచింది నా కోపం. మీకు తెలియదు ఆ సన్నికల్లు సంగతి. అమ్మ కాపరానికొచ్చినప్పుడు శృంగవరపుకోట నించి బండి మీద వచ్చింది అది. మిక్సీలొచ్చి సందులో అందరూ రోళ్ళూ సన్నికళ్ళూ పారేశాక, ఎవరింట పెళ్ళయినా సన్నికల్లు కోసం మా ఇంటికే వచ్చేవారు. పెళ్ళికొడుకు పెళ్ళికూతురి కాలు పట్టుకుని సన్నికల్లు తొక్కించాలి కదా. అక్క తొక్కింది, నా పెళ్ళాం రాణి తొక్కింది, సందులో ఆడపిల్లలందరూ తొక్కారు. ప్రతిసారీ ఆ రాయి పసుపు పూసుకుని ఇంటికి తిరిగొచ్చేది.

"మతుండే అంటన్నావా? ముక్క కోసిన సన్నికల్లు ఇంకెవరైనా పెళ్ళికి పట్టుకెళ్తారా?" అని అరిచాను.

"అంచు పోతే ఏటవుతాదిరా? కాలెట్టడానికి మధ్యలో సోటుంది కదా," అంది అమ్మ, అదేదో పనస తొన పంచుతున్నట్టు.

మర్నాడు నేనే మోసి అక్క కారులో పెట్టాను. నడుం పట్టేసింది. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

అక్క ఆ మూల నించి ముక్క కోయించి, పలచటి బిళ్ళలు తీయించింది. ఆ బిళ్ళని గాజు పలక మీద గరుకు పొడి వేసి, నీళ్ళు చిలకరించి, వేళ్ళతో నూరుతూ ఉండాలట, కాంతి అటునించి ఇటు కనబడేదాకా. పనివాళ్ళున్నా ఈసారి తనే నూరింది. ఆదివారం అక్క వచ్చినప్పుడు వేళ్ళకి పట్టీలు చూసి, అమ్మ తడిమి, "అయితే అక్కడ నువ్వూ నూరడమేనన్నమాట," అంది. అక్క నవ్వింది. చాలా ఏళ్ళ తరవాత వాళ్ళిద్దరూ అలా నవ్వుకోవడం చూసి నాకు కడుపు నిండిపోయింది.

కానీ బిళ్ళల్లో బుడగ కనబడలేదు. ఒకదాంట్లో నీళ్ళే లేవు, ఇంకోదాంట్లో ఉన్నవన్నీ చిన్న చిన్న మచ్చలు. ఇక్కడ చూస్తే అమ్మ చింతపండు రసం గిన్నె పక్కన పోస్తోంది. గుమ్మం దగ్గర గోడ తడుముకుంటోంది. రాణిని పట్టుకుని, పొద్దున్నే దీపం ఎందుకు పెట్టలేదని కోప్పడింది. దేవుడి ముందు దీపం వెలుగుతూనే ఉంది. నేను రోజూ దుకాణం నించి అక్కకి ఫోన్ చేసి, "నీ నీళ్ళు దొరికేసరికి ఇక్కడ కళ్ళుండవు," అని సతాయించేవాణ్ణి. అక్క ఫోన్ పెట్టేసేది.

చివరికి ఒక మధ్యాహ్నం తనే చేసింది. "దొరికిందిరా. తిరుగుతోంది. అమ్మని తీసుకురా," అంది.

అమ్మ పట్టుచీర కట్టుకుంది. పెళ్ళివారింటికి వెళ్ళినట్టు రాణి చేత తలలో పూలు పెట్టించుకుంది. యూనివర్సిటీ మెట్లు నా భుజం పట్టుకుని ఎక్కింది. ల్యాబులో అక్క ఒక్కతే ఉంది. ఎత్తు స్టూలు వేసి, అమ్మని కూర్చోబెట్టి, మైక్రోస్కోపు సరిచేసి, తను ఒకసారి చూసి, "ఇదిగో, సరిగ్గా మధ్యలో ఉంది. ఒక కన్ను ఇక్కడ ఆన్చు. కదలకు," అంది.

అమ్మ వంగింది. ఆనుకోవడానికి బల్ల మీద చెయ్యి వెతుక్కుంది. ఆ వేళ్ళు వెళ్ళి పక్కనున్న స్విచ్‌కి తగిలాయి. రాయి కిందనున్న దీపం ఆరిపోయింది.

నేను చూశాను. అక్కా చూసింది. స్విచ్ మీదికి చెయ్యి చాచింది.

"ఆఁ, కనబడింది," అంది అమ్మ.

అక్క చెయ్యి అలాగే ఆగిపోయింది. దీపం ఆరిన సంగతే అమ్మకి తెలియలేదు.

"ఏం కనబడిందమ్మా?" అంది అక్క మెల్లగా.

"నీళ్ళు. అందులో సిన్న బుడగ. ఎవులూ కదపకుండానే తిరుగుతంది." అమ్మ ఇంకాస్త వంగింది. "పూర్ణా మార్కెట్టులో తప్పిపోయిన పిల్లలాగ, గోడగోడకీ ఎల్లి వత్తంది."

చెప్పులతో వంటింట్లోకొచ్చిన అక్క, కొబ్బరి పచ్చడి వాసన, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఆ రోజు తలైనా ఎత్తలేదు కదా ఈవిడ. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ ఆ కొంగు తీసేసి, ఎప్పుడో మానేసిన మా వంటింటి మాటలో అడిగింది.

"ఇంకా ఏటి కనబడతంది, సెప్పమ్మా."

"ఎచ్చబెడితే ఈ బుడగ మాయమైపోద్ది కదా. సల్లారిత్తే మళ్ళీ వచ్చేత్తాది. ఎక్కువ ఎచ్చబెట్టకే సత్తీ, పగిలిపోద్ది. ఆ లోణార్లో రాయి పడ్డకాడ నీళ్ళూ ఇలగే మరిగుంటాయి. మీ నాన్నకి సెప్పేవు, నాను సారు పోత్తంటే."

"అవునమ్మా. ఇంకా?"

అక్క చెయ్యి స్విచ్ మీంచి తీసేసి, అమ్మ స్టూలు పక్కన నేల మీద కూర్చుని, అమ్మ మోకాలికి తల ఆన్చింది. అమ్మ కన్ను తియ్యకుండా, నాన్న పళ్ళెం ముందు అక్క చెప్పిన కబుర్లన్నీ ఒక్కొక్కటే చెబుతూ పోయింది. నేను గోడ వైపు తిరిగి సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆ దీపం మాత్రం మేమిద్దరం వెయ్యలేదు.