జింక కొమ్ము దువ్వెన

నిన్న దసరా పూట బాపు కండువా కోసం బీరువా తెరిస్తే, అడుగు అరలోంచి ఒమాన్ సాంబ్రాణి వాసన గుప్పుమంది. చిన్నప్పుడు నేను పాత గుడ్డలో చుట్టి దాచిన జింక కొమ్ము దువ్వెన బయటపడింది. రెండు పళ్లు విరిగాయి. దాన్ని చూస్తే నాకు ముచ్చట కలగలేదు, ఒళ్లు మండింది.

తొంభైల మొదట్లో మేము ఒమాన్‌లోని రుసైల్‌లో ఉండేవాళ్లం. బాపు టైల్స్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. క్వార్టర్ కిటికీ మీద రోజూ పలచగా తెల్లటి దుమ్ము పేరుకునేది, ఎండాకాలం కుళాయి నీళ్లు పొగలు కక్కేవి, అక్టోబరులో గాలి కాస్త చల్లబడగానే ఆడవాళ్లు బయట చాపలేసి గారెల పప్పు రుబ్బేవాళ్లు. అమ్మకు తోడుగా కడప సుబ్బలక్ష్మక్క వచ్చి ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసేది. ఆమె ఒక ఐరిష్ ఇంజినీరు ఇంట్లో పనిచేసేది. సెలవు రోజు నన్నూ అక్కడికి తీసుకుపోయేది. ఆ ఇంటి నోరా మేడమ్ ఇంగ్లీషులో చెప్పే కథలను నేను అక్కకు తెలుగు చేసి చెప్పేదాన్ని.

ఆ కథల్లో నార్వే వైపు నుంచి నార్స్ వాళ్లు ఓడల్లో వచ్చి ఐర్లాండ్ మఠాలను దోచారు, మనుషులను బానిసలుగా అమ్మారు. అదేమీ తియ్యటి గాథ కాదు. కానీ వాళ్ల మనవల కాలానికి డబ్లిన్‌లో అంగళ్లు వెలిశాయి, కొమ్ము దువ్వెనలు తయారయ్యాయి, రెండు జాతుల పిల్లలు ఒకే ఇంట్లో రెండు భాషలు మాట్లాడారు. వెయ్యేళ్ల కిందట డబ్లిన్ దగ్గర జరిగిన పెద్ద యుద్ధంలో ఐరిష్ వాళ్లు పరాయివాళ్లను తరిమేశారని మేడమ్ బడి పుస్తకం చెప్పేదట. నిజానికి రెండు సేనల్లోనూ రెండు జాతుల వాళ్లున్నారు. ఐరిష్ రాజు కూతురు డబ్లిన్ నార్స్ రాజుకు భార్య. “మా పుస్తకం అబద్ధమాడింది,” అని మేడమ్ పకపకా నవ్వేది.

సుబ్బలక్ష్మక్క నవ్వలేదు. “కత్తి పట్టుకోనొచ్చినోల్లకే పిల్లనిచ్చినారా పాపా? అట్లయితే తాపీ పట్టుకోనొచ్చినోన్ని నేను చేసుకుంటే ఏమంట?”

తాపీ పట్టుకొచ్చినవాడు నర్సన్న, బాపు ఊరివాడు, బాపు కులంవాడు, ఫ్యాక్టరీ కట్టుబడి పనిలో బాపు కిందే ఉన్న, అందరికంటే మంచి మేస్త్రి. పెళ్లి మాట తెలిసి, డబ్లిన్ తవ్వకాల్లో దొరికినదానికి నకలైన ఈ దువ్వెనను మేడమ్ అక్కకు ముందే కానుకగా ఇచ్చింది.

ఒమానీలు గాఫ్ అనే చెట్టు మన జమ్మే. దసరా నాడు మనవాళ్లంతా ఫ్యాక్టరీ వెనక గాఫ్ కింద చేరి, ఆకులు తెంపి చేతుల్లో పెట్టుకుని కావలించుకునేవాళ్లు. ఆ ఏడు నర్సన్న బాపు చేతిలో జమ్మి పెట్టి, కావలించుకుని, కాళ్లు మొక్కి అడిగాడు.

“అన్నా, సుబ్బలక్ష్మిని చేసుకుంట. నువ్వే పెద్దమనిషివి, ముంగటుండి చెయ్యాలె.”

బాపు మొఖం మాడిపోయింది. “ఏం కులంరా ఆమెది?”

“లేబర్ కార్డుల కులం రాయరు గదనే అన్నా!” అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ గొల్లుమన్నారు. బాపు నవ్వలేదు.

నేను ఆగలేకపోయాను. “బాపూ, ఐర్లాండ్ రాజే బిడ్డనిచ్చిండట!”

“నోర్ముయ్. తెల్లోళ్లకు ఏదైనా నడుస్తది. రేపు ఊర్లె నా మొఖమెక్కడ వెట్టుకోవాలె?”

ఆమె చేతి ఓళిగలు నాలుగు తిన్న నోటితోనే ఆ మాటన్నాడు. పాకిస్తానీ డ్రైవరుతో ఒకే పళ్లెంలో తినేవాడు, మలయాళీ రూమ్‌లో చాయ్ తాగేవాడు. అక్కడ అడ్డురాని కులం పెళ్లి దగ్గర ఎక్కణ్ణుంచి ఊడిపడింది? వారం తిరక్కముందే, నర్సన్నకు పని రాదని కంపెనీకి రాసిచ్చి వీసా క్యాన్సిల్ చేయించి ఊరికి పంపేశాడు. బాపు చేతిలో జమ్మి పెట్టి, ఆయన కౌగిలిలో నిలబడ్డ మనిషిని! మేడమ్ వాళ్ల పుస్తకం వెయ్యేళ్ల కిందటి పెళ్లిళ్లను దాచింది. మా ఇంటి అబద్ధం కళ్లముందు జరగబోయే పెళ్లినే చెరిపేసింది.

“నాకింక ఎందుకు పాపా,” అని దువ్వెన నా చేతిలో పెట్టి పోయిన సుబ్బలక్ష్మక్క మళ్లీ మా గడప తొక్కలేదు.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవట. మేడమ్ ఎక్కడుందో తెలియదు. గారెల వాసన, చాపలు, తెల్లదుమ్ము అన్నీ పోయాయి. బాపు మాత్రం వచ్చినవాళ్లందరికీ, “ఒమాన్‌ల మేమందరం ఒక్క ఇంటోళ్ల లెక్క ఉంటిమి,” అని చెబుతుంటాడు.

నిన్న జమ్మి కోసం చెయ్యి చాచాడు. ఆ చేతిలో దువ్వెన పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇదెవరిది బిడ్డా?”

పేరు చెప్పాను. “ఏ సుబ్బలక్ష్మి?” అన్నాడు. జమ్మి ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. జరిగిందంతా నేను చెప్పాకే ఇస్తానని, ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.