నల్లబడిన సిలికాన్ ముక్క

మంజుశ్రీ తాత ఆంధ్ర పల్లె నుంచి వచ్చి కేజీఎఫ్ బంగారు గనిలో దిగినవాడు. గని మూతపడ్డాక ఊళ్లో చాలామంది లాగే మంజుశ్రీ కూడా బెంగళూరు రైలు పట్టింది. అక్కడి ల్యాబులో ఆమె పని సోలార్ పలకల మీద పరిశోధన.

సిలికాన్ ఎంత పల్చనైతే పలక అంత తేలిక, అంత చవక. కానీ పల్చని పొరలో వెలుతురు నిలవదు. కొంత పైనుంచే తిరిగిపోతుంది, కొంత అవతలికి జారిపోతుంది. పొర మీద కంటికి ఆననంత సన్నని మొనలు చెక్కితే వెలుతురు వంగి లోపలే తిరుగాడుతుంది, కరెంటవుతుంది. ఆ చెక్కడమే మంజుశ్రీ పట్టుకున్న పని. ఉలితో కాదు, యంత్రంలో వాయువులతో.

ఎన్నో ముక్కలు చేతిలోనే విరిగాయి. ఒకరోజు మాత్రం అద్దంలా మెరిసే ముక్క కాటుకలా నల్లబడి బయటికొచ్చింది. వెలుతురంతా మింగేసింది! ల్యాబంతా కేకలు. తీరా కొలిస్తే కరెంటు మామూలు ముక్కకంటే తక్కువ. మంజుశ్రీ మొహం వాడిపోయింది.

ఆమె పరిశోధనకు గైడు అశ్వత్థనారాయణ, కోలారు జిల్లా శ్రీనివాసపురం వైపు మనిషి. "వెలుతురు లోపలికి వచ్చింది కదమ్మా! ఇంగ కరెంటు యాడ పోతా ఉండాదో చూద్దాం రా" అన్నాడు.

ఇద్దరూ కూర్చుని వెతికారు. మొనల గరుకులోనే కరెంటు ఇంకిపోతోంది. మంజుశ్రీ దాని మీద అల్యూమినియం ఆక్సైడు పల్చగా పూసి మళ్లీ కొలిచింది. అంకె ఎగిసింది. మళ్లీ కొలిచింది. అదే అంకె!

ఆ సాయంత్రం ఇంటికెళ్లే రైల్లో చోటున్నా కూర్చోలేకపోయింది. తల్లి మారమ్మకు ఫోన్ చేసి "అమ్మా, గెలిచింది!" అని అరిచింది.

"ఎవరమ్మా, మన వార్డు మెంబరా?"

ఆదివారం పొద్దున్నే తల్లిని ఊరి పక్కన, గనిలో బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీదికి లాక్కుపోయింది. ఒకే కొలత ముక్కలు రెండు, ఒకటి మెరిసేది, ఒకటి నల్లది. ఒక్కోదానికీ చిన్న ఫ్యాను తగిలించింది. ఏటవాలు ఎండ దిబ్బ అంచు దాటి వచ్చింది. నల్లముక్క ఫ్యాను వణికి, గిర్రున తిరిగింది. రెండోది కదల్లేదు.

"తిరిగె! తిరిగె!" మారమ్మ చప్పట్లు కొట్టింది. "ఏమే, నల్లదే ముందు తిరగతా ఉండాదే!"

మంజుశ్రీ తల్లిని వాటేసుకుని నవ్వింది. "ఇంగా పెద్దది చేస్తానమ్మా, చూస్తా ఉండు!"