పెట్రోలు మూతకు దుకాణం ముద్ర

నన్ను పెట్రోలు దొంగ అన్నారు. ముఖాన అన్నా కొంత మర్యాదగా ఉండేది. నేను నాలుగడుగుల దూరంలో బానెట్టు తుడుస్తుంటే, కారు చుట్టూ తిరుగుతూ, "టాంకులకెళ్లి ఎటు పోతున్నదో మరి" అని గాలితో అన్నారు. గాలికి జవాబు చెప్పే అలవాటు నాకు లేదు కాబట్టి బానెట్టునే ఇంకాస్త గట్టిగా తుడిచాను.

ఆ రోజుల్లో మా వైపు మనుషుల కంటే భూములు తొందరగా చేతులు మారేవి. పొద్దున జొన్న చేను చూసుకుంటూ పోతే సాయంత్రానికి అది ఫాంహౌస్ అయి, దానికి గేటు, గేటుకో కుక్క వచ్చేసేవి. గచ్చిబౌలిలో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లందరికీ ఒకేసారి మట్టి మీద ప్రేమ పుట్టిన కాలమది. మెహిదీపట్నం నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల దాకా షేర్ జీపులు తోలిన మా బ్యాచంతా ఒక్కొక్కరూ వాచ్‌మెన్లో, ప్లాట్ల బ్రోకర్లో అయిపోయారు. నేను సురంగల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సారు దగ్గర డ్రైవరుగా చేరాను. నలభై దాటాక నెల జీతమనే మాట మొదటిసారి విన్నాను కాబట్టి, నా లెక్కలో అదే నా యవ్వనం.

జీపు స్టాండులో నా పేరు న్యూట్రల్ అన్న. ఊరికే రాలేదు ఆ పేరు. చేవెళ్ల నుంచి మెహిదీపట్నం దాకా ఎన్ని వాలులున్నాయో, ఏ వాలు ఎంత దూరం మోస్తుందో నాకు అరచేతి గీతల్లా తెలుసు. వాలు మొదలవగానే న్యూట్రల్ కొట్టి, ఇంజను ఆపేసి, పద్దెనిమిది మంది ప్యాసింజర్లతో (ఫుట్‌బోర్డు మీదివాళ్లను లెక్కపెట్టలేదు) జీపును అట్లా జారనిచ్చేవాణ్ని. నాకు స్టీరింగు నేర్పిన ఉస్తాదు, "వాలు ఖుదా ఇచ్చిన డీజిల్ బేటా, పారబోసుకోకు" అనేవాడు. నేనెప్పుడూ ఒక చుక్క పారబోయలేదు.

సారు కొన్న కొత్త కారు సగం పెట్రోలుతో, సగం బ్యాటరీతో నడిచేది. షోరూమువాళ్లు లీటరుకు ఇరవై కిలోమీటర్ల పైన ఇస్తుందని ప్రమాణం చేసినంత పని చేశారు. దాంతోపాటు ఇంగ్లీషులో ఇటుకంత పుస్తకం ఇచ్చారు. సారు దాన్ని అట్ట కూడా తెరవకుండా డ్యాష్‌బోర్డు అరలో పడేస్తే నేను ఇంటికి తెచ్చుకున్నాను. బడి నన్ను ఐదో తరగతిలోనే వదిలేసింది. ఆ పైన నా చదువంతా పాత పేపర్లతో, అట్ట ఊడిన ఒక నిఘంటువుతో సాగింది. ఆ నిఘంటువు పక్కన పెట్టుకుని పదకొండు రాత్రుల్లో పుస్తకం ముగించాను. ఒక్క పేజీ మాత్రం తిప్పేశాను. దాని పైన పెద్ద అక్షరాల్లో న్యూట్రల్ అని ఉంది. చేపకు ఈత నేర్పడానికి వచ్చారా అనుకున్నాను.

మొదటి నెల పదమూడు వచ్చింది. రెండో నెల పన్నెండు. సారు మంచివాడే, మాట్లాడేముందు మొహమాటంతో చెవి గోక్కునేవాడు. "అన్నా, మా ఆఫీసుల ఒకాయనకు ఇదే కారు ఇరవై ఒకటి ఇస్తున్నదట. మనకేమైతున్నది?" అన్నాడు. కారులోని తెర మీద కూడా పన్నెండే చూపిస్తోంది, కావాలంటే చూడండి అన్నాను. అప్పుడు సారు బామ్మర్ది, అంటే ఆదివారాలు వచ్చి సలహాలిచ్చి భోంచేసి వెళ్లే మనిషి, తెర మీది లెక్కను కూడా డ్రైవర్లు తిప్పగలరని తేల్చాడు. గాలితో మాట్లాడింది కూడా ఆయనే.

అప్పుడు సారు వాళ్లమ్మ రంగంలోకి దిగింది. శంకర్‌పల్లిలో నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన సావుకారమ్మ ఆమె. తక్కెడ ముల్లు ఎటు వంగిందో గోడ అవతలి నుంచి చెప్పగలదు. ఒక కాగితం పట్టీ, మైదా ఉడికించిన జిగురు, తమ దుకాణం రబ్బరు స్టాంపు పట్టుకుని వచ్చి, పెట్రోలు మూతకు అడ్డంగా పట్టీ అంటించి ముద్ర వేసింది. "నూనె డబ్బాలకు గిట్లనే చేసెటోళ్లం. నిన్ను అనుమానించి కాదు కొడుకా, నువ్వు దొంగవు కాదని నేనే చూపెడ్త" అంది. ఎన్నికల పెట్టెకు వేసినట్టు ముద్ర వేయించుకుని, గచ్చిబౌలి సిగ్నల్‌ దగ్గర నలుగురూ చూస్తుంటే ఆ కారు నడపడం ఎట్లా ఉంటుందో మీకు చెప్పలేను. వారం తిరిగింది. ముద్ర చెక్కుచెదరలేదు. మైలేజీ పదకొండున్నర. బామ్మర్ది నేల మీద వెల్లకిలా పడుకుని, కారు కిందికి దూరి, రహస్య పైపు కోసం వెతికాడు. (తెల్ల చొక్కాతో. ఆ ఒక్కటే ఆ వారంలో నాకు దక్కిన సుఖం.)

సావుకారమ్మకు గురువారం గురువారం చేవెళ్లలో కూరగాయలు బేరం చేయాలి. ఇంటి వెనక మడులు ఉన్నా సరే, బేరం చేయకుండా తెచ్చిన కూర ఆమెకు రుచించదు. ఒక గురువారం తిరిగి వస్తుంటే నన్ను వెనక సీటులోంచి కనిపెట్టి చూస్తోంది.

"వాలు వచ్చినప్పుడల్లా ఆ కట్టెను జరుపుతున్నవేంది?"

"అది మా విద్య అమ్మా. మంది కాళ్లతోని తొక్కి పెట్రోలు తాగిపిస్తరు. నేను న్యూట్రల్ల పెట్టి వాలుకు వదిలేస్త."

"మరి షోరూమోడు గిట్లనే చెయ్యమన్నడా?"

"వాడెవడు నాకు చెప్పనీకె?" అన్నాను. ఆమె ఒళ్లోని బీరకాయలు సర్దుకుంది.

ఆ రోజే మొయినాబాద్‌లో ఇరుక్కున్నాం. ఇంజనీరింగ్ కాలేజీలు వదిలే వేళ, బస్సులన్నీ ఒకదాని మూతి ఒకదానికి ఆనించుకుని నిలబడ్డాయి. ఎండ మండుతోంది. పెద్దామెకు ఏసీ ఆపలేను, పెట్రోలు మాత్రం కాల్చకూడదు. అందుకని న్యూట్రల్లో పెట్టి, కాలు చాపుకుని కూర్చున్నాను. ముప్పావు గంట ఇంజను ఒక్కసారి కూడా గుర్రుమనలేదు. నా గెలుపు చూసుకుని మీసం దువ్వుకుంటుండగా తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి, టింగుటింగుమని మోగాయి, తర్వాత ఏసీతో సహా కారు మొత్తం కన్ను మూసింది. ఏ మీట నొక్కినా కదల్లేదు. కొద్ది నెలల వయసున్న కారును నా పాత స్టాండువాళ్లు నలుగురు వచ్చి నెట్టి పక్కకు పెట్టారు. నెడుతూనే ఒకడు, "న్యూట్రల్ అన్నా, గిప్పుడైతే నిజంగనే చుక్క కాల్తలేదు" అన్నాడు. సావుకారమ్మ లోపల కూర్చునే వాళ్లందరికీ తలా ఒక దోసకాయ పంచింది.

షోరూమువాళ్లు కారును లాక్కుపోయి, బ్యాటరీ నింపి, ఏ లోపమూ లేదని తిరిగి పంపారు. కారులో లోపం లేకపోతే ఇక మిగిలింది నేనే కదా. సారు చెవి గోక్కుని, కొన్నాళ్లు మామిడి మొక్కలు చూసుకోమన్నాడు. తాళం బామ్మర్ది వేలికి ఎక్కింది. జీతం ఆగలేదు, కానీ నాకు కావలసింది జీతం కాదు. చేవెళ్ల చాయ్ హోటల్లో నన్ను చూడగానే ఎవడో ఒకడు పైపుతో పెట్రోలు పీలుస్తున్నట్టు మూతి పెట్టేవాడు. ఇరవై ఏళ్లు సంపాదించిన పేరు ఆ మూతి సున్నాలో పోయింది.

మొక్కలకు నీళ్లు పోస్తూ కడుపు మండి, కారు చేసిన కంపెనీకే తెలుగులో ఉత్తరం రాశాను. ఏడు పేజీలు. మీ కారు పెట్రోలు తాగి నా మీద నేరం పెడుతోంది, నేను దొంగను కాదని రాసిచ్చే బాధ్యత మీదే అన్నాను. మీ పుస్తకంలో ఒక్క పేజీ తప్ప అన్నీ చదివాను, ఆ పేజీలో ఉన్నది నాకు పుట్టుకతో వచ్చు అన్నాను. మూడో పేరా నిండా నా విద్య గురించి, ఏ వాలు దగ్గర గేరు తీస్తానో, ఎక్కడ తిరిగి వేస్తానో, ఊళ్ల పేర్లతో సహా రాశాను. నా అంత పొదుపుగా నడిపేవాడు మీ కంపెనీలో ఉంటే పంపండి, చూస్తాను అని ముగించాను.

నెలన్నరకు తెలుగులోనే జవాబు వచ్చింది. ఆదివారం కాబట్టి అందరూ ఉన్నారు. సారు కవరు చించబోతే, నా పేరున వచ్చింది, నేనే చదువుతా అన్నాను. బామ్మర్దికి తెలుగు చదవడం రాదు, అందుకే పైకి చదవాలని నేనే పట్టుబట్టాను. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు నా మోకాళ్లు స్టీరింగు కింద మడతపడవు, చేవెళ్ల రోడ్డు మీద పక్కన కూర్చునే వెళ్తాను. అయినా వాలు వస్తే ఎడమ చేయి దానంతటది లేస్తుంది. అప్పుడు దాన్ని కుడిచేత్తో పట్టుకుని, ఆ ఆదివారం మెట్టు మీద నిలబడి గొంతు సవరించుకుంటున్న అప్పటి నన్ను, ఆ మొండిమనిషిని తలుచుకుంటాను. జాలి వేస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తాడు. కారు తాళం ఆ సాయంత్రమే నా చేతికి తిరిగి వచ్చింది. అందరూ వినేటట్టు నేను చదివింది ఇది:

"ఆర్యా, మీ ఉత్తరాన్ని మా విభాగంలో అందరం చదివాం. మీరు పెట్రోలు దొంగ కాదని రాసిమ్మన్నారు. మీరు దొంగ కాదని ఇందుమూలంగా రాసిస్తున్నాం. మా కారు వాలు దిగేటప్పుడు తిరిగే చక్రాల నుంచే తన బ్యాటరీ నింపుకుంటుంది. న్యూట్రల్‌లో ఉంటే, నడిచినా నిలిచినా, నింపుకోలేదు. ఆ లోటును తర్వాత పెట్రోలు కాల్చి తీర్చుకుంటుంది. కాబట్టి పెట్రోలు ఎక్కడెక్కడ పోయిందో మీ మూడో పేరాలో ఊళ్ల పేర్లతో సహా మీరే తెలియజేశారు. మా పుస్తకంలో ఒక పేజీ తిప్పేశానని కూడా రాశారు. దయచేసి దాన్ని వెనక్కి తిప్పగలరు."