పాలకొల్లు నుంచి తెచ్చిన అద్దాల తొట్టె

తెలిసి తెలిసి ఆయన నాకా తొట్టె అమ్మాడు. మంచాన ఉన్న మనిషి పక్కన పెట్టడానికని నేను చెప్పాకే అమ్మాడు. ఇన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు.

దెయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఐదో తరగతితో బడి మానేసినా, లైబ్రరీలో దొరికిన సైన్సు పుస్తకమల్లా అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి. రాజమండ్రిలో పటాలు కట్టే దుకాణం నాది. అద్దం సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు.

డెబ్బైల చివర్లో మా ఆవిడ మాణిక్యం క్షయతో ఆరు నెలలు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చింది. వాళ్ల తమ్ముడు మద్రాసు నుంచి సీసాలో తెచ్చిన రెండు ఎర్ర చేపలే ఆమె లోకం. “ఇవి తిరుగుతున్నంత కాలం నాకేం కాదండి” అనేది. నవ్వుతూనే అనేది గానీ, కళ్లలో నవ్వుండేది కాదు.

చేపలు పెరిగాయి. సీసా చాల్లేదు. పాలకొల్లులో బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఉద్యోగి దగ్గర పాత తొట్టె ఉందంటే వెళ్లాను. ఇనుప చట్రం, నాలుగు పక్కలా అద్దాలు, లప్పంతో బిగించినది. ఒక మూల మాత్రం లప్పం నల్లబడి ఉంది.

“ఇందులో ఎప్పుడైనా మైలతుత్తం గానీ, మందు గానీ పోశారా?” అనడిగాను.

“నీళ్లు తప్ప ఇంకేం ఎరగదండి ఇది” అన్నాడాయన. నా మొహంకేసి చూడలేదు.

ఇంటికి తెచ్చి ఉప్పుతో తోమాను, మూడు రోజులు ఎండబెట్టాను, వాసన చూశాను, దీపం పెట్టి అంచులు వెతికాను. మాణిక్యం మంచం మీద నుంచే, “పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంత చూళ్లేదండి మీరు” అంది.

మా వైపు కొత్త బావి నీళ్లు తాగేముందు ఒక కొర్రమీను పిల్లను వదిలి చూసేవాళ్లం. నేనూ అదే చేశాను. బుద్ధి తక్కువ పని. బురదలో కూడా బతికే చేప అది, దాని సాక్ష్యం ఏం సాక్ష్యం? మూడు రోజులు నిక్షేపంగా ఉంది. ఒక్కటే విశేషం. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ నల్ల మూలకు చేరి, నోరు పైకెత్తి నిలబడేది. గాలి కోసం కాబోలు అనుకున్నాను.

దాన్ని తీసేసి ఎర్ర చేపల్ని వదిలాను. వారం తిరక్కుండా అవీ మూడింటికి అదే మూలకు చేరడం మొదలెట్టాయి. నోళ్లు తెరిచి, మూసి, తెరిచి. ఎవరో పైనుంచి మేత వేస్తున్నట్టు. ఆ తర్వాత మేం మరమరాల పొడి వేస్తే ముట్టేవి కావు. కానీ బక్కచిక్కలేదు.

వెలుతురు వల్లనేమో అని తొట్టెను తిప్పి పెట్టాను. నల్ల మూల గోడకు ఆనుకుంది. అక్కడ మనిషి నిలబడే చోటే లేదు. చేపలు ఆ మూలకే పోయాయి. పైన గుడ్డ కప్పాను. గుడ్డ కిందా అంతే.

ఒకరోజు మూడింటికి పొడి డబ్బా తీయబోతే మాణిక్యం ఆపింది. “వద్దు లెండి. వాటికి పెట్టేశారు.”

ఎవరు పెట్టారంటే అటు తిరిగి పడుకుంది. ఆ రాత్రి కంచం తోసేసింది. “నాక్కూడా పెట్టేశారు.”

మర్నాడూ అదే మాట. మూడోనాడు మంచినీళ్లు కూడా వద్దంది. డాక్టరు వచ్చి చూసి, జ్వరం లేదు, నాలుక బాగుంది, కారణం తెలియడం లేదన్నాడు. నేనిక ఆలోచించలేదు. చేపల్ని పాత సీసాలోకి మార్చి, తొట్టెను పెరట్లో బోర్లించాను. సాయంత్రానికల్లా చేపలు పొడికి ఎగబడ్డాయి. పొద్దున మాణిక్యం చారన్నం అడిగింది.

ఆ నాలుగు అద్దాల్లో ఒక్కటి కూడా నేను ఏ పటానికీ కొయ్యలేదు.

పాలకొల్లు ఆయన కొత్త చిరునామా కనుక్కుని కార్డు మీద కార్డు రాశాను. చేపల సంగతే రాశాను. మాణిక్యం అన్న మాట ఒక్క కార్డులోనూ రాయలేదు. ఇది చదివేవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే, నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకనిది అక్కడే. మాణిక్యం ఇప్పటికీ ఉంది. నేనిది రాస్తుంటే “ఇంకా ఎందుకండి ఆ గోల” అంటోంది. ఆ రోజుల్లో పెట్టిందెవరో మాత్రం చెప్పదు.

ఆ కార్డులు రాసిన ఏడాదికి జవాబొచ్చింది:

“అయ్యా, మీ కార్డులన్నీ అందాయి. మందు పోయలేదన్నది నిజమే. మా అమ్మగారి మంచం ఆ తొట్టె పక్కనే ఉండేది. చివరి రోజుల్లో అన్నం తెస్తే, ‘నాకు పెట్టేశార్రా’ అని మొహం తిప్పుకునేవారు. ఎవరు పెట్టారో మేం చూడలేదు. మీరు మంచాన ఉన్న మనిషి కోసం అన్నప్పుడే చెప్పవలసింది. చెబితే తీసుకోరని ఊరుకున్నాను. క్షమించండి. మీ ఇంట్లో ఆవిడ గారు అన్నం తింటున్నారా అండి?”