విప్పని కొప్పు

ఆరాధన డ్యూటీకి రాగానే ముందు రోగుల తలల వాసన చూస్తుంది. చార్టూ నాడీ అన్నీ ఆ తర్వాతే. సత్తెనపల్లి దారిలోని ఆ చిన్న మిషన్ ఆసుపత్రిలో మిగతా నర్సులు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

పత్తికీ మిరపకీ పురుగుమందు కొట్టే రోజుల్లో, ఒళ్ళు కడిగాక తేరుకున్న ఆడకూలీలు మూడోరోజు మళ్ళీ నురగలు కక్కడం ఆమె చూసింది. నూనె పట్టిన కొప్పులో మందు దాక్కుంటోందని కనిపెట్టింది. తొంభై ఎనిమిది నుంచి మూడేళ్ళపాటు రోగి పేరూ, తల కడిగిన వేళా, జబ్బు తిరగబెట్టిందో లేదో నోటుబుక్కులో రాసింది.

గుంటూరులో నర్సింగ్ పాఠాలు చెప్పే నాగజ్యోతి ఆ పుస్తకం అడిగి పట్టుకెళ్ళింది. ఏడాది తిరిగేసరికి అది ఆవిడ థీసిస్ అయింది. ఆరాధన పేరు ఎక్కడా లేదు. వెళ్ళి అడిగితే, "బెడ్‌ప్యాన్లు తీసేవాళ్ళకి రీసెర్చి ఎందుకమ్మా?" అంది నాగజ్యోతి, పక్కనున్నవాళ్ళు నవ్వేలా.

ఆ మాటని ఆరాధన రెండేళ్ళు మనసులో పెట్టుకుంది.

థీసిస్ పరీక్షకు వచ్చిన పెద్దావిడ, "కాగితాలు చాలు, ఈ కేసులు చూసిన వార్డులోనే చేసి చూపించండి" అంది. ఆ ఉదయమే మిరపతోటలో మందుడబ్బా తలమీద ఒలికి వెంకటరావమ్మ ఆరాధన వార్డులో చేరింది. నాగజ్యోతి గ్లౌజులు తొడుక్కుని, చెంబులతో తలమీద నీళ్ళు పోసి, సబ్బు రుద్ది, తువ్వాలు అందుకుంది.

కొప్పు విప్పలేదు. నోటుబుక్కులో 'తల కడిగాను' అనే ఉంది మరి. విప్పడం ఆరాధన చేతులకు అలవాటు. రాయాలని ఎప్పుడూ తోచలేదు. మొదటి చెంబుకే ఆరాధనకు ఆ పొరపాటు తెలిసిపోయింది. అయినా చివరిదాకా చూస్తూ ఆగింది.

"అయిపోయింది మేడం."

"జరగండి," అంటూ ఆరాధన పిన్నులు లాగేసింది. జిడ్డు జుట్టు జారి, ఘాటు గుప్పుమంది. పెద్దావిడ ముక్కు మూసుకుని, "ఇది మీ థీసిస్‌లో ఏ పేజీలో ఉంది?" అని నాగజ్యోతిని అడిగింది.

"బెడ్‌ప్యాన్లు తీసేవాళ్ళ పేజీలో ఉంటుందండి," అంది ఆరాధన.

"తల్లీ, మీ గొడవ తర్వాత. ముందు నా తల చూడండి!" అని వెంకటరావమ్మ అరిచింది.

ఆరాధన మూడుసార్లు కడిగింది. నాలుగోరోజు వెంకటరావమ్మ నడిచి ఇంటికి వెళ్ళింది. ఆమెను ఆ కాసేపు విషంలో ఉండనిచ్చినందుకు ఆరాధన ఆదివారం చర్చిలో క్షమాపణ అడిగింది. నాగజ్యోతి గురించి అడగలేదు.

పెద్దావిడ ఒప్పుకోక థీసిస్ వెనక్కొచ్చింది. 'మీ పేరూ వేస్తాను, సంతకం చేయండి' అని నాగజ్యోతి రెండు ఉత్తరాలు రాసింది. ఆరాధన జవాబివ్వలేదు.

ఆమె ఇప్పటికీ అదే వార్డులో స్టాఫ్ నర్సు.