తనంత తనే పేలిన తుపాకీ

మార్చి ఆరు, శుక్రవారం, పగలు పదకొండు దాటి పది నిమిషాలు. జగదల్‌పూర్‌లో ఒక తుపాకుల మిస్త్రీ దుకాణంలో గోడ గడియారం చూశాను. ఆ వేళ నేను అక్కడ చేయించిన పనిని పదేళ్లకు పైగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తుపాకీ మాది. పంట కాపలాకని మా ఆయన సమ్మయ్య పేరున లైసెన్సు ఇచ్చారు. బీజాపూర్‌కు దక్షిణాన ఉన్న మా ఊళ్లో మిర్చి, మొక్కజొన్న వేసేవాళ్లం. కాపలా కాగితం మీది మాట. ఇప్పపూలు రాలే రోజుల్లో మగవాళ్లంతా అడవిపందుల వేటకు పోయేవారు. గురి ఉన్నవాడు మా మరిది లింగయ్య ఒక్కడే. అందుకని తుపాకీ ఎప్పుడూ అతని చేతిలోనే ఉండేది.

ఒక వేటలో ఆ తుపాకీ గుండు సమ్మయ్య మోకాలిని పగలగొట్టింది. అది తనంత తనే పేలిందన్నాడు లింగయ్య. ట్రిగ్గర్ వదులైందన్నాడు. అందరూ నమ్మారు. తమ్ముడి మీద కేసు పడకూడదని మా ఆయన భద్రాచలం ఆసుపత్రిలో, తుడుస్తుంటే తన చేతిలోనే పేలిందని రాయించాడు. కుడికాలు తొడ దాకా తీసేశారు. నాలుగేళ్ల మూడు నెలలు మంచంలో బతికి, పోయాడు. ఆ నాలుగేళ్లలో లింగయ్య ఒక్కసారైనా మంచం పక్కన కూర్చుని, "తప్పు నాదే, అన్నా" అని అనలేదు.

మా దగ్గర వేట మాంసం పంచేటప్పుడు కొట్టినవాడికి తల ఇస్తారు. తుపాకీ ఎవరిదైతే వాళ్లకు వెనక కాలు. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకు మారింది కనుక ఆ కాలు నాకు వచ్చేది. ఒక ఏడాది లింగయ్య దాన్ని తెచ్చి నా గుమ్మంలో పెట్టాడు. వెంట వేటగాళ్లు నలుగురున్నారు.

"ఏంది వదినె, అట్ల చూస్తున్నవ్? అన్నకు ఒక్క కాలే పోయింది. నీకైతే ఏటా ఒకటి తెచ్చిస్తున్న."

నలుగురూ నవ్వారు. నేనూ పళ్లెం తెచ్చి కాలు అందుకున్నాను. కుళ్లుతో అన్నాడా, సరదాకి అన్నాడా? ఎన్నోసార్లు తరచి చూసుకున్నాను. సరదాకే అన్నాడు. నేను క్షమించలేనిది అదే.

ఆ మార్చిలో లైసెన్సు పని మీద బయల్దేరుతుంటే లింగయ్య వచ్చాడు. "అట్లనే జగదల్‌పూర్ పోయి ట్రిగ్గర్ చూపియ్యి వదినె. మస్తు గట్టిగుంది. గుంజితే వేలు నొస్తున్నది."

గట్టిగుందా? అప్పుడు వదులన్నాడు కదా? తుపాకీని దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాను.

మిస్త్రీ ముసలాయన. హిందీలో మాట్లాడాడు. ట్రిగ్గర్‌కు చిన్న కాటా తగిలించి లాగి చూశాడు. దీన్ని ఇంతవరకు ఎవరూ విప్పలేదని, మరల మీద గీత కూడా లేదని అన్నాడు. ఇది మొదటినుంచీ గట్టిదేనట. బలంగా లాగితే తప్ప పేలదట.

అంటే లింగయ్య లాగాడు. నా మొగుడి మీదికి లాగి, ఇనుము మీద తోశాడు.

తేలిక చేయమన్నాను. చేసి చూపించాడు. ఇంకా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. కాల్చేది నేనేనని, నా వేళ్లలో బలం లేదని, చేలో కోతుల్ని బెదిరించడానికేనని అబద్ధం చెప్పాను. వేలు ఆనితే చాలు అన్నట్టు ఉండాలన్నాను. ఇష్టం లేకుండానే చేశాడు. చేతికిచ్చేటప్పుడు మాత్రం రెండుసార్లు చెప్పాడు: ఎవరికిచ్చినా ముందు ఈ సంగతి చెప్పు, చెప్పకుండా ఇవ్వకు.

సరేనన్నాను.

లింగయ్య చావాలనుకున్నానా? లేదు. అతని అబద్ధం అతని చేతుల్లోనే నిజం కావాలనుకున్నాను. ఎవరికి తగులుతుందన్నది ఆలోచించలేదు. కాదు, ఇదీ అబద్ధమే. ఆలోచించాను. అతని పాదానికి తగులుతుందనుకున్నాను, ఆ కుంటు నడక కూడా కళ్ల ముందు చూసుకున్నాను, పక్కన మనుషులుంటారన్న ఆలోచన మాత్రం రాకుండా జాగ్రత్తపడ్డాను.

ఊరికి తిరిగొచ్చి తుపాకీ ఇస్తుంటే, "చేయించినవా?" అని అడిగాడు లింగయ్య.

"చేయించిన," అన్నాను. అంతే. మిస్త్రీ చెప్పమన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది.

ఏప్రిల్ పంతొమ్మిది, ఆదివారం. పందిని తరిమేవాళ్లలో ముత్తయ్య ఉన్నాడు. దొర్ల తెగ మనిషి, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. వాగు దాటుతూ లింగయ్య తుపాకీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటుంటే అది పేలింది. ముందు నడుస్తున్న ముత్తయ్య కుడి భుజం చితికిపోయింది.

తనంత తనే పేలిందన్నాడు లింగయ్య. ఈసారి ఒక్కరూ నమ్మలేదు. "నీ చేతిలనే ఎప్పుడూ తనంత తనే పేలుతది, ఏందిర లింగయ్య?" అన్నాడు ఊరిపెద్ద. ఎవరూ నవ్వలేదు.

పోలీసు జీపు వచ్చేలోగా లింగయ్య నా వాకిట్లోకి వచ్చాడు. ముత్తయ్య నెత్తురు అతని చొక్కా మీద ఇంకా ఆరలేదు.

"వదినె, నువ్వన్నా నమ్ము. అన్నకు తగిలినప్పుడు నేనే గుంజిన. పొద కదిలితే పంది అనుకున్న. భయమై అబద్ధం చెప్పిన. ఈసారి వేలు కూడ పెట్టలే. ఆ మిస్త్రీ ఏం చేసిండో నువ్వు చెప్పు. నీ మాటైతే ఇంటరు."

ఎన్నేళ్లుగా వినాలనుకున్న మాట అది. విన్నాను. విని అన్నాను:

"తుపాకీ తనంత తనే పేలుతదా లింగయ్య?"

అతను నా ముఖంలోకి చూసి వెళ్లిపోయాడు. అతనికి అర్థమైందో లేదో నాకు తెలియదు. ఆ క్షణాన నా ఒంట్లోకి దిగిన చల్లదనం మాత్రం ఇప్పటికీ గుర్తుంది. దానికి సిగ్గుపడాలని చాలాసార్లు ప్రయత్నించాను. చేతకాలేదు.

నన్ను అడగకుండానే తుపాకీ తీసుకెళ్లాడని పోలీసులకు చెప్పి, వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను. తుపాకీని పట్టుకుపోయారు. విప్పి చూశారని ఎవరూ చెప్పలేదు. జైలు నుంచి వచ్చాక లింగయ్యను ఊళ్లో ఎవరూ దేనికీ పిలవలేదు. మణుగూరు పోయి కూలి చేసుకున్నాడు. నిరుడు అక్కడే చనిపోయాడు. నేను చూడబోలేదు.

ముత్తయ్య ఇక్కడే ఉన్నాడు. చింతపండు కాలంలో ఎడమచేత్తో బుట్ట పట్టుకుని వస్తాడు. "ఆ లింగయ్య మంచోడు కాదక్కా," అంటాడు. నేను తల ఊపుతాను. అన్నేళ్లు లింగయ్య నాకు చేసింది ఇదే కదా? ఎదురుగా కూర్చుని, తెలిసీ, ఊరుకోవడం. అతన్ని అందుకే ద్వేషించాను. మరి ముత్తయ్యకు తెలిస్తే?

మీరు క్షమించాలని ఇది రాయడం లేదు. లింగయ్య మళ్లీ వచ్చి వాకిట్లో నిలబడితే అదే మాట అంటానేమో, కాదని చెప్పలేను. ముత్తయ్యకు చెప్పగలనో లేదో కూడా తెలియదు. ఇంతవరకు రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. అంతవరకే.

పోయినవి ఇవి. సమ్మయ్య కుడికాలు, తర్వాత ప్రాణం. ముత్తయ్య కుడిచెయ్యి, అతను గీసుకునే తాటిచెట్లు ఇరవై రెండు. లింగయ్యకు జైల్లో రెండేళ్ల నాలుగు నెలలు, ఆపైన ఊరు, ఒక్కసారి నిజం చెప్పినప్పుడు నమ్మే మనిషి. ఆ ఏప్రిల్ ఆదివారం తర్వాత నాకు పోయింది ఏమీ లేదు.